నాలుగు పళ్ళేలు, ముప్పై రోజులు

నెల మొదట్లో వెచ్చాల చీటీ రాయబోతూ ఒక పిచ్చిపని చేశాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, మనిషికి రోజుకు ఏది ఎంత కావాలో గ్రాముల్లో రాసి ఉంటుంది. 2,000 కెలోరీల పళ్ళెం అది. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35, నూనె 27, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఈ అంకెల్ని నలుగురితో, ముప్పై రోజులతో హెచ్చవేశాను.

తేలింది ఇది: ధాన్యం అంతా కలిపి 30 కిలోలు. పప్పులు 10 కిలోల పైన. కూరగాయలు 48 కిలోలు. పండ్లు 12. పాలు 36 లీటర్లు. గింజలు నాలుగు కిలోల పైచిలుకు. నూనె మూడుంబావు కిలోలు, అంటే మూడున్నర లీటర్లు.

పక్కన మా పాత చీటీ పెట్టి చూశాను. బియ్యం సంచి, ఇడ్లీరవ్వ, గోధుమపిండి, ఉప్మారవ్వ కలిపితే నలభై కిలోలు దాటింది. నూనె ఐదు లీటర్ల డబ్బా, పండగ నెలైతే ఇంకో రెండు ప్యాకెట్లు. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు ఒకటిన్నర, పెసర, శనగ చెరో అర. మొత్తం నాలుగున్నర. పండ్ల సంగతి చీటీలో ఉండదు, అరటిపండ్లు వచ్చినప్పుడు వస్తాయి. రోజూ పప్పు తినే ఇల్లని మా ఇంటికి పేరు. ఆ పేరున్న ఇంట్లోనే కావలసిన పప్పులో సగం కూడా లేదు.

ఆరోగ్యంగా తినడం ఖరీదైన వ్యవహారమని అందరం అంటాం. నిజమా కాదా అన్నది ఎప్పుడూ ఒక్క మాటతో తేలిన ప్రశ్న కాదు. ఎనభై, తొంభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు, ప్రభుత్వాలు, ఆహార ప్రచారకులు తలా ఒక లెక్క వేస్తూనే ఉన్నారు. ఆ లెక్కలన్నింటినీ చీటీ పక్కన పెట్టుకుని చూస్తే నాకు కనిపించింది ఒకటే. మన దగ్గర చవకైంది కడుపు నిండడం. పళ్ళెం నిండడం ఇంకా చవక కాలేదు. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంత కాలం సలహాలు ఒక దారిలో, సరుకులు ఇంకో దారిలో పోతుంటాయి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. సన్నబియ్యం కిలో 55 రూపాయలు, పప్పులు కలగలుపుగా 120, పాలు లీటరు 60, కూరగాయలు రైతుబజారు సగటు 35, పండ్లు (అరటి, జామ, బొప్పాయి వంటివి, యాపిల్ కాదు) 70, పల్లీలు, నువ్వులు 150, నూనె లీటరు 150 అనుకున్నాను. ఊరిని బట్టి, నెలను బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి. ఈ ధరలకు సంస్థవారి పళ్ళెం నలుగురికి నెలకు దాదాపు 8,700 రూపాయలు. చింతపండు, మిరపకాయలు, ఉప్పు, టీపొడి, పోపుగింజలకు ఇంకో వెయ్యి. మొత్తం 9,700. మనిషికి నెలకు 2,400 పైన, రోజుకు 81 రూపాయలు.

2022-23లో జరిగిన కేంద్ర గృహ వినియోగ వ్యయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషి నెల ఖర్చు సగటున 4,870 రూపాయలు, తెలంగాణ పల్లెల్లో 4,802. దేశం మొత్తం మీద పల్లెటూరి ఇంటి ఖర్చులో తిండి వాటా 46 శాతం. ఆ వాటానే మనకూ వేసుకుంటే తిండికి 2,200 చిల్లర. సర్వే నాటి ధరలకూ ఇప్పటి ధరలకూ తేడా ఉంది, లెక్క మోటుగానే ఉంటుంది. అయినా ఒక సంగతి తెలుస్తుంది. సగటు కుటుంబానికి ఆ పళ్ళెం చేతికి అందీ అందనంత దూరంలో ఉంది, ఆకాశంలో లేదు. సగటు కింద ఉన్నవాళ్ల సంగతి వేరు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. నలుగురి పళ్ళేనికి రోజుకు 323. ఒక మనిషి రోజంతా మట్టి మోస్తే వచ్చే కూలి ఇంటిల్లిపాది ఒక్క రోజు సరైన తిండికి చాలదు. ఇందులో గ్యాసు, అద్దె, బస్సు టికెట్టు, పిల్లల ఫీజు ఇంకా రాలేదు. రేషన్ బియ్యం వస్తే ఈ లెక్క కొంచెం తేలికవుతుంది. ఎంత తేలికవుతుందో, దాని వెనక ఏం జరుగుతుందో తర్వాత చెబుతాను.

పెద్దవాళ్లు వేసిన లెక్కల్లోనూ ఇదే తగాదా. 2020 జనవరిలో వచ్చిన కేంద్ర ఆర్థిక సర్వేలో 'థాలినామిక్స్' పేరుతో ఒక అధ్యాయమే ఉంది. 2006-07 నుంచి 2019-20 వరకు చూస్తే కూలివాడికి శాకాహార భోజనం 29 శాతం, మాంసాహార భోజనం 18 శాతం మేర మరింత అందుబాటులోకి వచ్చిందని అందులో తేల్చారు. క్రిసిల్ సంస్థ ప్రతి నెలా ఇంట్లో వండిన భోజనం ఖర్చు లెక్కగడుతుంది. శాకాహార భోజనం 30 రూపాయల చుట్టుపక్కల తిరుగుతుంటుంది. రెండు పూటలా తింటే 60, టిఫిన్‌తో కలిపి 80 లోపే కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ క్రిసిల్ పళ్ళెంలో కూరగాయలంటే ఉల్లి, టమాటా, బంగాళదుంప. ఆకుకూర లేదు, పండు లేదు, పల్లీ గింజ లేదు. ఆ లెక్క వంటింటి ధరలు ఎలా పెరుగుతున్నాయో చూడ్డానికి పనికొస్తుంది, ఆరోగ్యాన్ని కొలవడానికి కాదు. పత్రికలు రెంటినీ కలిపేస్తుంటాయి.

రెండో వైపు ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల నివేదిక. ఆరోగ్యకరమైన ఆహారం కొనుక్కోలేని భారతీయులు 2021లో 74 శాతమని 2023 నివేదికలో రాశారు. మరుసటి ఏడాది నివేదికలో 2022 సంవత్సరానికి ఆ అంకె 55 శాతం దగ్గరికి దిగింది. ఏడాదిలో పాతిక కోట్ల మంది పళ్ళేలు ఏమీ నిండిపోలేదు, లెక్కకట్టే పద్ధతి మార్చారు. 2011 నాటి పల్లెల ధరలు, కూలి రేట్లు తీసుకుని కళ్యాణి రఘునాథన్, ఆమె సహ పరిశోధకులు వేసిన లెక్కలో పల్లె పేదల్లో 63 నుంచి 76 శాతం మందికి సిఫారసు చేసిన ఆహారం కొనే శక్తి లేదని వచ్చింది. ఈ పరిశోధనల్లో నాకు నచ్చేది ఇదే. ఎందుకంటే వాళ్లు డబ్బున్నవాడి బుట్టతో మొదలుపెట్టలేదు, కూలితో మొదలుపెట్టారు.

ఇంతకీ ఇంట్లో డబ్బు తక్కువైనప్పుడు చీటీలో ఏది పోతుంది? బియ్యం ఎప్పుడూ పోదు. కారణం తెలివితక్కువతనం కాదు, రూపాయి లెక్క. కిలో 55 చొప్పున బియ్యంలో రూపాయికి 60కి పైగా కెలోరీలు. నూనెలోనూ యాభై దాటి. పంచదారలో అన్నింటికన్నా ఎక్కువ, 80 పైన. కందిపప్పుకు పాతిక లోపు. పాలకు పదకొండు. టమాటాకు ఆరో ఏడో. ఆకలితో ఉన్న ఇల్లాలు ఈ లెక్కలు కాగితం మీద వేసుకోదు, వేళ్ల మీదే తెలుసు ఆమెకు. పిల్లల కడుపు నిండాలి, రేపు పనికి పోవాలి. అన్నం, పచ్చడి, కాస్త మజ్జిగ. చక్కెర వేసిన టీ. ఆ టీ కప్పు బీదవాళ్ల టిఫిన్ కావడానికి కారణం రుచి ఒక్కటే కాదు.

ఇక్కడ చరిత్రలోకి కొంచెం తొంగిచూడాలి. ఎందుకంటే ఈ పోషకాహార సంస్థ పుట్టుకకే తెల్ల బియ్యంతో సంబంధం ఉంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధనే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ బెరిబెరి ఎక్కువగా ఉన్న చోట్లలో మన కోస్తా సర్కారు జిల్లాలు ముఖ్యమైనవి. మిల్లుపట్టిన తెల్లని పచ్చిబియ్యం తినడం, తవుడుతో పాటు బి విటమిన్ పోవడం దాని మూలం. బీదల దంపుడు బియ్యం కన్నా ఉన్నవాడి మల్లెపూవు అన్నం ప్రమాదకరమైన కాలం అది. కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత వచ్చిన ఐక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక తెచ్చాడు. అందులోనే తక్కువ ఖర్చుతో తృప్తికరమైన ఆహారం ఎలా కూర్చుకోవాలన్న ఆలోచన కూడా మొదలైంది. ఈ వ్యాసం శీర్షిక కింద మనం అడుగుతున్న ప్రశ్న అప్పటినుంచీ ఉంది.

తర్వాత రెండు పెద్ద వాదనలు నడిచాయి. 1960లలో ప్రపంచమంతా బీద పిల్లలకు ప్రొటీన్ కొరత అని గగ్గోలు పెడుతుంటే, హైదరాబాద్ సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ మాత్రం పిల్లలకు అసలు తిండే చాలడం లేదు, ఉన్న తిండినే సరిపడా పెడితే ప్రొటీన్ కొరత చాలావరకు తీరుతుందన్నారు. గోధుమ, శనగ, పల్లీ, బెల్లం కలిపిన 'హైదరాబాద్ మిక్స్' ఆ ఆలోచన నుంచి వచ్చిందే. డబ్బాల్లో అమ్మే పొడులకు అది ఇంటి జవాబు. అదే సంస్థలో ఉప సంచాలకురాలిగా పనిచేసిన వీణా శత్రుఘ్న దశాబ్దాల తర్వాత ఇంకో వైపు నుంచి నిలదీశారు. బీదలకు కనిష్ఠ ఖర్చులో సమతులాహారం అంటూ శాస్త్రవేత్తలు లెక్కలు వేసినప్పుడల్లా గుడ్డు, పాలు, చేప, మాంసం ఖరీదని పక్కకు నెట్టి, గింజలూ పప్పులూ చాలని సర్దేశారని, ఆ సర్దుబాటే ప్రభుత్వ విధానమై కూర్చుందని ఆమె విమర్శ. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసిన పనేమీ లేదు. గోపాలన్ కాలానికి ఆకలి ముందున్న సమస్య. ఆకలి తగ్గాక కూడా అదే లెక్కను పట్టుకుని వేలాడటమే వీణా శత్రుఘ్న ఎత్తిచూపిన తప్పు.

ఆ వేలాడటానికి మన దగ్గర బలమైన రాజకీయ కారణం ఉంది. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆ తరానికి నిజంగా ప్రాణం పోసింది. దాన్ని వెటకరించేవాళ్లు ఎప్పుడూ ఆకలి చూడనివాళ్లు. ఆ తర్వాత రూపాయి బియ్యం, 2023 నుంచి ఆహార భద్రత చట్టం కింద ఉచిత బియ్యం, 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ షాపుల్లోనే మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. నలుగురున్న తెలంగాణ ఇంటికి 24 కిలోలు ఉచితంగా వస్తే నా లెక్కలో 1,300 రూపాయలు తగ్గుతాయి. రోజుకు 323 కాస్తా 280 లోపుకు వస్తుంది, ఆ ఉపాధి కూలిలో పాతిక పైన మిగులుతాయి. ఆ మిగులు పప్పులోకి వెళ్తే అంతకన్నా మంచి పథకం లేదు. కానీ ఉచితంగా వచ్చిన బియ్యం ముందు, కిలో 140 పెట్టి కొనే కంది మరింత ఖరీదుగా కనిపిస్తుంది. జొన్న, రాగి సంగతి సరేసరి. వాటిని పండించిన రాయలసీమ, తెలంగాణ మెట్ట పల్లెల్లో కూడా అన్నమే పెద్ద తిండి, సంగటి చిన్నబోయిన తిండి అయింది. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో పి.వి. సతీశ్ నడిపిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే బీడుభూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, బీదలకు చవగ్గా పంచే తమ సొంత రేషన్ నడిపి చూపించాయి. ఆ సంఘాల స్త్రీలు చేలగట్ల మీద తమంతట తాము మొలిచే ఆకుకూరల పేర్లు డజన్ల కొద్దీ చెబుతారు. కొనక్కర్లేని కూరలవి. కలుపుమందు చల్లిన చేలో అవి మొలవవు, వాటి లోటు ఏ ధరల సూచీలోనూ కనిపించదు.

ఫలితం ఏమిటో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. రక్తహీనత ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. అయిదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం. అదే సర్వేలో బరువు ఎక్కువున్న స్త్రీలు ఆంధ్రలో 36 శాతం, తెలంగాణలో 30. ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే మనిషిలో రెండూ. కడుపు నిండింది, రక్తం నిండలేదు.

సరే, ఇక ఇంటి దగ్గరికి వద్దాం. ఉన్న డబ్బుతోనే ఏం చేయొచ్చు అన్నచోట సలహాలు పుట్టగొడుగుల్లా ఉంటాయి. నా మట్టుకు నేను ఒక చిన్న లెక్క వేసుకున్నాను: పది గ్రాముల మాంసకృత్తులు ఎందులో ఎంతకు దొరుకుతాయి? మీల్‌మేకర్‌లో మూడు రూపాయలు. శనగల్లో అయిదు లోపు. పల్లీల్లో ఆరు. కందిపప్పులో ఆరున్నర. గుడ్డులో పది. కోడికూరలో పన్నెండు పదమూడు. పాలలో పద్దెనిమిది పైన. బాదంపప్పులో నలభై దాటి. పిల్లాడి తెలివికి రాత్రి నానబెట్టిన నాలుగు బాదంపప్పులు తినిపించే అమ్మలు, అదే డబ్బుతో గుప్పెడు వేరుశనగలు పెట్టొచ్చని గమనించరు. గుడ్డు మాంసకృత్తి పప్పుదానికన్నా ఒంటికి బాగా పడుతుంది, బి12 కూడా ఉంటుంది. అందుకే ధరలో పల్లీ కన్నా వెనకబడినా నేను గుడ్డుకే ఓటేస్తాను. దేశంలో గుడ్లు ఎక్కువగా పెట్టించే రాష్ట్రాల్లో ఆంధ్ర ముందుంటుంది. మన ఇళ్లలో మాత్రం గుడ్డు ఇంకా 'ఇవాళ కూరేం లేదు' అన్న రోజు వంటకమే.

మాంసం తినే ఇళ్లలో ఇంకో సంగతి. ఆదివారం రెండు కిలోల చికెన్, మిగతా ఆరు రోజులు ఏమీ లేకపోవడం మన అలవాటు. అదే డబ్బుని వారమంతా పరిస్తే ఒంటికి మేలు. గోదావరి, శ్రీకాకుళం వైపు వంకాయలో నాలుగు ఎండు రొయ్యలు వేయడం, మెత్తళ్లు చింతచిగురుతో వండటం పాత పొదుపు. ముల్లుతో సహా నమిలే చిన్నచేపల్లో సున్నం ఉంటుంది. మేక కార్జం చవక కాదు గానీ, ఇనుము లెక్కన చూస్తే గుప్పెడు చాలు. వాసన అని పిల్లలు పారిపోతారు, అది వేరే కథ.

ఇనుము మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, దీనికి పైసా ఖర్చు లేదు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడం కష్టం. పక్కన పులుపు, అంటే సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. భోజనం అయ్యీ కాగానే టీ తాగితే పడాల్సింది కూడా పోతుంది. పప్పులో నిమ్మకాయ పిండటం, భోజనంతో పాటు ఒక జామకాయ, టీని గంటసేపు వెనక్కి నెట్టడం. నారింజకన్నా జామలో సి విటమిన్ నాలుగైదు రెట్లు ఎక్కువ. జ్వరం వచ్చినవాళ్లను చూడ్డానికి వెళ్లేటప్పుడు మాత్రం ఎవరూ జామకాయలు పట్టుకెళ్లరు, పరువు తక్కువ.

కూరగాయల దగ్గర పొదుపు అంతా కాలాన్ని పట్టుకోవడంలో ఉంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో 150 దాటిపోయినప్పుడు రాష్ట్రాలు అల్లాడాయి, ప్రభుత్వాలు రాయితీ మీద అమ్మాయి. అప్పుడు మా ఎదురింటి పెద్దావిడ ఒక్క టమాటా కొనకుండా ఆ నెల గడిపేసింది. గోంగూర పప్పు, చింతపండు పచ్చిపులుసు, మామిడి ఒరుగుల పప్పుచారు. టమాటా లేని వంట తెలుగువాళ్లకు వందల ఏళ్లు నడిచింది. ప్రతి కూరలోనూ అది పడాలన్నది మొన్నటి అలవాటు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ నగరంలో ఈ పొదుపుకు మంచి చోటు, అయితే పొద్దున్నే వెళ్లాలి. పొద్దెక్కాక అక్కడ మిగిలేది ఆనపకాయ, పాలిపోయిన బీరకాయ. మునగాకు మాత్రం ఎవరూ అమ్మరు, ఎవరైనా అడిగితే చెట్టు నుంచి విరిచి ఇస్తారు. అదే ఆకు పొడిచేసి సీసాలో పెడితే ఆన్‌లైన్‌లో వందల రూపాయలు.

ఆ పొడి దగ్గరే ఆహార ప్రచారాల సంగతీ చూద్దాం. గత ఇరవై ఏళ్లలో మన ఇళ్ల మీదుగా ఎన్ని గాలులు వీచాయో. ఉప్పూ నూనె లేని వంటల గాలి. 2018 ప్రాంతంలో అన్నం మానేసి కొబ్బరినూనె, మాంసం తినే గాలి. దాంతో పాటే ఖాదర్ వలీ గారి ప్రసంగాలతో కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రల గాలి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో అది మరింత బలపడింది. వీటిలో మంచి లేదని అనను. రాగిలో సున్నం బియ్యం దరికి రానంత ఎక్కువ, కొర్రల్లో పీచు ఎక్కువ. కానీ సూపర్‌మార్కెట్లో అరికెలు కిలో వంద దాటి ఉంటాయి. బియ్యం బదులు ఇంటిల్లిపాదికీ అవే పెట్టాలంటే ధాన్యం ఖర్చే రెట్టింపవుతుంది, పప్పూ పండూ మళ్లీ వెనక్కి పోతాయి. నేనూ ఆ గాలిలో కొట్టుకుపోయి ఒకసారి పది కిలోల ఊదలు తెచ్చాను. రెండు నెలలకు పురుగుపట్టి చీమలకు ధర్మం చేశాను. చిరుధాన్యాల్లో రాగి, జొన్న రెండే ఇంకా సామాన్యుడి ధరలో ఉన్నాయి. పొద్దున రాగి జావ, రాత్రికి వారంలో రెండు రోజులు జొన్నరొట్టె. అంతకు మించితే అది ఆరోగ్యం కన్నా అభిరుచి కిందికి వస్తుంది.

మన డబ్బు నిజంగా ఎక్కడికి పోతోందో చెప్పే అంకె ఇంకోటి ఉంది. 1999-2000లో పల్లెటూరి ఇంటి ఖర్చులో 22 శాతం ధాన్యానికే పోయేది. 2022-23కు అది ఐదు శాతానికి తగ్గింది. అదే ఏడాది పానీయాలు, ప్యాకెట్ తిండి, బయట కొన్న తినుబండారాలకు పోయింది పది శాతం దగ్గర. ధాన్యంలో మిగిలింది పాలకు, పండ్లకు కొంత పోయిన మాట నిజం. ప్యాకెట్లకు పోయిందీ తక్కువేం కాదు. ఊరి బడ్డీకొట్టుకు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు చూస్తే అర్థమవుతుంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి, ప్యాకెట్ మిక్చర్లు 12 నుంచి 5కు దిగాయి. పనీర్ మీద పన్ను పూర్తిగా పోయింది. ఆ చేత్తో ఇచ్చి ఈ చేత్తోనూ ఇచ్చారన్నమాట. పాలల్లో కలిపే మాల్టు పొడుల సంగతైతే, వాటిని 'హెల్త్ డ్రింక్' వర్గంలో చూపొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పవలసి వచ్చింది. ఆ డబ్బా డబ్బుతో నెలంతా పిల్లాడికి రోజుకో గుడ్డు వస్తుంది. నా మాట వినే తల్లి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

ఇన్ని లెక్కల్లోనూ ఎవరూ వేయని లెక్క ఒకటుంది. తోటకూర కట్ట ఇరవై రూపాయలు. దాన్ని ఏరి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లు కడిగి, తరిగి వండటానికి అరగంట. శనగలు రాత్రే నానేయాలి. నువ్వులు వేయించి దంచాలి. జొన్నరొట్టె చేతితో తట్టాలి, ఒక్కొక్కటీ నిలబడి కాల్చాలి. చవకైన ఆరోగ్యకరమైన తిండి అంతా చాకిరీతో కూడిన తిండే, ఆ చాకిరీ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. 2024 కేంద్ర కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. మిల్లులోనో అపార్టుమెంటు పనుల్లోనో పొద్దంతా గడిపి ఆరు గంటలకు ఇల్లు చేరిన మనిషికి ఇరవై రూపాయల తోటకూర కన్నా ముప్పై రూపాయల కర్రీపాయింట్ ప్యాకెట్ చవక. పోషకాహార నిపుణులు టీవీలో చెప్పే 'ఇంట్లోనే తేలిగ్గా చేసుకోవచ్చు' అన్న మాటలో ఆ తేలిక ఎవరిదన్న ప్రశ్న ఉండదు. ఇంట్లో మగవాళ్లు ఆకుకూర ఏరడం నేర్చుకుంటే ఇంటి పోషణ ఖర్చు ఎంత తగ్గుతుందో ఏ ఆర్థిక సర్వే కూడా లెక్క వేయలేదు.

దాని పక్కనే వడ్డన. పప్పు గిన్నెలో అడుగున మిగిలింది ఎవరికి వస్తుంది? గుడ్లు మూడుంటే ఎవరెవరికి? చాలా ఇళ్లలో వండిన మనిషి ఆఖర్న తింటుంది, ఆఖరుకు మిగిలేది అన్నం, చారు. ఇంటి సగటు పళ్ళెం నిండినా ఆమె పళ్ళెం నిండదు. స్త్రీల రక్తహీనత అంకె వెనక ఈ వడ్డన వరస కూడా ఉంది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టడంలో గొప్ప ఆలోచన అదే: సరుకు ఇంటికి పంపితే అది అందరికీ పంచుకుపోతుంది. ఆంధ్రలో బడి భోజనంలో వారానికి అయిదు గుడ్లు, రాగి జావ పెట్టడం కూడా అలాంటిదే. ఇంటి బడ్జెట్‌కు ప్రభుత్వం చేసే మంచి సాయం ఇప్పుడు బియ్యం కన్నా ఈ గుడ్డులో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. రేషన్ షాపులో బియ్యంతో పాటు నెలకు మనిషికి కిలో పప్పు ఇచ్చే రోజు వస్తే ఈ వ్యాసంలో సగం కొట్టేయవచ్చు.

అది వచ్చేదాకా నా చీటీ నేను మార్చుకున్నాను. సంస్థవారి లెక్కంతా కాదు, అంత పాలు నా వల్ల కాలేదు. పంచదార మూడు కిలోల నుంచి ఒకటిన్నరకు, నూనె డబ్బా అయిదు లీటర్ల నుంచి నాలుగుకు, బియ్యం ఎనిమిది కిలోలు తక్కువ. మాల్టు డబ్బా కొట్టేశాను. ఆ మిగిలిన డబ్బుతో కంది మూడు, పెసలు ఒకటి, శనగలు రెండు, బొబ్బర్లు ఒకటి, ఉలవలు ఒకటి, పల్లీలు మూడు, నువ్వులు అర. చీటీ తీసుకుని కిరాణా కొట్టాయన పైనుంచి కిందికి చదివి, మళ్లీ చదివి, కళ్లజోడు పైకెత్తి అడిగాడు:

"ఏంటక్కా, ఇంట్లో శుభకార్యమా?"